ఎందాకా

ఆనపకాయ మాత్రం మరిచిపోకూడదు, ఇంకేం మరిచిపోయినా ఫరవాలేదు, లేతది చూసి కొనాలి, సంచీలోంచి తొడిమ బయటికి కనబడేలా పెట్టుకోవాలి, వీధరుగు మీద కూర్చున్న బావ కళ్ళు ముందు సంచీ మీదికే పోతాయి, ఖాళీ సంచీతో తిరిగొచ్చిన మనిషి మార్కెట్‌కి వెళ్ళలేదని కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, అయినా ఈ రాజమండ్రి మొత్తమ్మీద కూరల సంచీ చంకలో పెట్టుకుని సైకిళ్ళ షాపులో నిలబడ్డ పెద్దమనిషిని నేనొక్కణ్ణే అయివుంటాను, జూనియర్ కాలేజీలో పిల్లలకి లెక్కలు చెప్పుకునేవాణ్ణి, రేపో మాపో యాభై వచ్చేవాణ్ణి, సొంత భార్య అన్నగారికి, ఈ బావకే, తెలియకుండా ఒక సైకిలు కొనుక్కోడానికి దొంగలా సందులమ్మట నడిచి వచ్చాను, షాపు సత్యప్రసాద్ నా సంచీని చూసీ చూడనట్టు చూసి, స్టూలు మీద దుమ్ము గుడ్డతో కొట్టి, కూర్చోండి మాస్టారూ అని, ఇంతకీ ఎందాకా తొక్కుతారండి అన్నాడు.

ఎందాకా, అతను మామూలుగానే అడిగాడు, వ్యాపారం చేసుకునేవాడు, కాలేజీదాకా అయితే ఒక బండి, ధవళేశ్వరందాకా అయితే ఇంకో బండి చూపించాలి కదా, కానీ పొద్దున్నుంచి ఆ మాట నాకు ఇది రెండోసారి, గుమ్మం దాటుతున్న మనిషిని ఎక్కడికి అని అడగకూడదని మా ఇళ్ళల్లో పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నాం, అడిగితే వెళ్ళిన పని చెడుతుంది, అంచేత ఎందాకా అంటారు, అదేదో వేరే ప్రశ్న అయినట్టు, బావ దానిమీద ఎన్ని హాస్యాలాడేవాడో, ఎక్కడికి అంటే చెడిపోయే పని ఎందాకా అంటే చెడిపోదుట, పనులు చెడగొట్టే దేవుడెవడో గానీ వాడు వ్యాకరణం బాగా చదువుకున్నాడు బావా అనేవాడు, అలా అంటూనే తనూ ఎందాకా అనే అడిగేవాడు, ఇవాళా అలాగే, నేను ఆయన అరుగు ముందునుంచి వెళుతుంటే పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఎందాకా బావా అన్నాడు, నేను సంచీ ఎత్తి చూపించి, ఇక్కడిదాకే బావా, మార్కెట్‌దాకా అన్నాను, ఆయన సంచీ వైపు చూశాడు, తరవాత నా కాళ్ళ వైపు చూశాడు, కూరలకి వెళ్ళే మనిషి కేన్వాస్ బూట్లు ఎందుకు తొడుక్కుంటాడని అడగలేదు, సరే వెళ్ళిరా అన్నాడు.

ఎందాకానో చెప్పలేదు మీరు అంటున్నాడు సత్యప్రసాద్, దూరమేనయ్యా అన్నాను, దూరమంటే ఎంత దూరమండి, రోడ్డేనా, మట్టి కూడానా అన్నాడు, అన్నీనూ అన్నాను, తారురోడ్డు, కాలవ గట్టు, లంకల్లో ఇసక, మెట్ట ప్రాంతంలో ఎర్రమట్టి, అడవిలో రాళ్ళు, అతను ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, మీకేనాండి అన్నాడు, నాకే అనడానికి నోరు రాలేదు, తెలిసినవాళ్ళకి అన్నాను, ఇప్పుడిది రెండో అబద్ధం, మొదటిది బావకి, రెండోది అసలు అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేని మనిషికి, అలవాటైపోతోంది కాబోలు, అతను లోపలికెళ్ళి స్ప్రింగుల సైకిలు ఒకటి తోసుకుంటూ తెచ్చాడు, ముందు చక్రానికి స్ప్రింగులు, లావు టైర్లు, ఒంటినిండా రంగులు, కుర్రాళ్ళందరూ ఇదే పట్టుకెళుతున్నారండి, గోతులే తెలీవు అన్నాడు, హేండిల్ నొక్కితే ముందుభాగం కిందికి దిగి పైకి లేచింది, తొక్కిన బలంలో సగం ఈ దిగడానికీ లేవడానికే పోతుంది బావా, గోతులు మన చేతులకి తెలియాలి గాని ఆ స్ప్రింగులకి తెలిసి ఏం లాభం, ఇది బావ మాట, చెవి పక్కనే అన్నట్టు వినబడింది, వద్దయ్యా అన్నాను, పోనీ నల్ల సైకిలు చూడండి అన్నాడు, పెద్ద చక్రాలు, కడ్డీ బ్రేకులు, అది గట్టి బండే, బావ ఉద్యోగమంతా అలాంటి దానిమీదే గడిచింది, ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలవ గట్లన్నీ దానిమీదే తిరిగాడు, కానీ గేర్లు లేకుండా మెట్ట ఎక్కలేను, ఆయన ఎక్కగలడు, ఎక్కగలిగేవాడు, ఈ గలడు గలిగేవాడు మధ్యన నేను ప్రతిసారీ తట్టుకుని పడుతున్నాను.

అప్పుడు అది కనబడింది, వెనక గోడకి పైనెక్కడో కొక్కేనికి వేలాడుతూ, దుమ్ము కింద ముదురాకుపచ్చ రంగు, సన్నటి ఉక్కు గొట్టాలు, స్ప్రింగుల్లేవు, బొమ్మల్లేవు, మరీ లావూ మరీ సన్నమూ కాని టైర్లు, వెనక గేర్లు, చట్రానికి ముందూ వెనకా సామాను కట్టుకునే చువ్వలు బిగించడానికి కన్నాలు, అదేంటయ్యా అంటే, అదా అండి, ఎప్పుడో వచ్చిందండి, స్ప్రింగుల్లేవని పిల్లలొద్దంటారు, గేర్లెందుకని పెద్దాళ్ళొద్దంటారు, ఎవరికీ పట్టలేదండి అన్నాడు, దింపమన్నాను, గుండె పెళ్ళిచూపులప్పటికంటే ఎక్కువ కొట్టుకుంది, ఈ మాట మా ఆవిడ హైమవతికి తెలిస్తే చంపేస్తుంది, దింపి నేలమీద పెట్టగానే నా చేతులు నన్నడక్కుండానే పని మొదలుపెట్టాయి, గోటితో గొట్టం మీద కొట్టి విన్నాను, ఖంగుమని నిండుగా పలికింది, వెనక చక్రం తిప్పి అంచు దగ్గర బొటనవేలు పెట్టి వంకర ఉందేమో చూశాను, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూశాను, రెండు వేళ్ళు దూరకపోతే రేగడిమట్టి పట్టేసి చక్రం తిరగదు, దూరీ దూరనట్టు ఉన్నాయి, సత్యప్రసాద్ చూస్తున్నాడు, మాస్టారు సైకిలు గురించి బాగా తెలిసినవారేనండీ అన్నాడు, నాకేం తెలుసు, నాకు తెలిసింది అంటూ ఒక్క ముక్క లేదు, ఈ గోరు ఆయనది, ఈ బొటనవేలు ఆయనది, ఈ రెండు వేళ్ళ లెక్క ఆయనది, ఆయన నేర్పిన చేతులతోనే తడిమి ఆయనకి తెలియకుండా బండి ఎంచుకుంటున్నాను, ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటే నాకు తట్టడం లేదు.

తేలికది కావాలంటే హైదరాబాద్ నుంచి తెప్పిస్తానండి, అల్యూమినియం, చిటికెనవేలితో ఎత్తొచ్చు అన్నాడు సత్యప్రసాద్, వద్దు, ఉక్కే కావాలి, ఆ మాటా మేమిద్దరం ఎప్పుడో తేల్చుకున్నాం, బావా నేనూ, ఉక్కు చట్రం జంగారెడ్డిగూడెం అవతల విరిగిందనుకో, ట్రాక్టరు తొట్లు అతికేవాడైనా అతికి పెడతాడు, అల్యూమినియం విరిగితే దాన్ని నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ రావాలి అనేవాడు, పైగా ఉక్కు ఒక్కసారే విరగదు, ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, నీకు చెప్తుంది అనేవాడు, నాకంటే నయం, ముందుగా చెప్తుంది, అదంతా మేమిద్దరం కలిసి వెళ్ళాలనుకున్న యాత్ర కోసం, మాఘమాసంలో అంతర్వేదిలో సముద్రం దగ్గర చక్రం తడిపి బయల్దేరడం, నా పేరున్న దేవుడి దగ్గర మొదలుపెడదాం బావా అనేవాడు, ఆయన పేరు లక్ష్మీనరసింహం మరి, అక్కణ్ణించి గోదారిని ఎదురెక్కుతూ గట్టుమ్మట రాజోలు, బొబ్బర్లంక, బేరేజీ దాటి కొవ్వూరు, పోలవరం, అక్కడ ఏరు వదిలి ఎర్రమట్టిలోకి, జంగారెడ్డిగూడెం, అడవి, మళ్ళీ భద్రాచలం దగ్గర గోదారి, ఇన్నేళ్ళూ నీళ్ళెటు పోతే అటే పోయాను, ఒక్కసారి అవి ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడాలి అనేవాడు, ప్రతి ఆదివారం గట్టు మీద తొక్కుతూ అదే మాట, అద్దె సైకిలు మీద నేను వెనక, తన నల్ల సైకిలు మీద ఆయన ముందు, పుష్కరాల రద్దీ అయిపోనీ, వెళ్ళిపోదాం అనుకున్నాం, పుష్కరాలు రాకముందే బొటనవేలికి చెప్పు కరిచింది, అంతే, చెప్పు కరవడం, నాకయితే కొబ్బరినూనె రాసుకుంటే పోయేది, షుగరు మనిషికి అది వేలుతో ఆగలేదు, పాదంతో ఆగలేదు, కుడికాలు మోకాలి కిందిదాకా తీసేశారు, పుష్కరాల్లో ఊరంతా గోదాట్లో మునుగుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నాడు, కాకినాడలో కొత్త కాలుకి కొలతలిచ్చి వచ్చాం, నడుస్తారండి అన్నాడు డాక్టరు, తొక్కుతారండి అనలేదు, నేనూ అడగలేదు, ఆయన అడుగుతాడేమోనని నేను గబగబా ఆటో పిలిచేశాను.

మరి నేనెందుకు ఆగిపోవాలి, ఈ మాట నాకు మొదటిసారి తట్టిన రోజు నాకే భయం వేసింది, ఆయన పక్కనే కూర్చుని షుగరుకి మంచిదని డాక్టరు చెప్పిన బత్తాయి ఒలిచి పెడుతూ నా మనసులో మాఘమాసం ఎన్ని వారాలుందో లెక్క వేసుకుంటున్నాను, హైమవతికి చెప్పాను, తిడుతుందనుకున్నాను, తిడితే బావుండేది, మానేసేవాణ్ణి, ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, మీరు వెళ్ళడం తప్పని నేననటం లేదండి, అన్నయ్యకి చెప్పకుండా వెళ్ళడం బాగాలేదు, మీరే చెప్పాలి, నేను చెప్పను అంది, రేపు చెప్తా అన్నాను, ఆ రేపు ఇప్పటికి చాలాసార్లు వచ్చి వెళ్ళింది, ప్రతిరోజూ ఆయన ఎందాకా అంటాడు, ప్రతిరోజూ నేను ఇక్కడిదాకే అంటాను, సాయంత్రం గట్టుదాకా నడవడానికి వెళుతూ కాళ్ళు బలం చేసుకుంటున్నానని చెప్పక, పోస్టాఫీసుదాకా అన్నాను, లైబ్రరీలో మేపు చూడ్డానికి వెళుతూ చాకలివాడిదాకా అన్నాను, ఈ ఊళ్ళో నేను తెరవని తలుపు లేదు, ఆయన దృష్టిలో నేను రోజంతా చిల్లర పనులమీద తిరిగే మనిషిని, ఓసారి తొక్కి చూడండి మాస్టారూ, గట్టుదాకా వెళ్ళి రండి అంటున్నాడు సత్యప్రసాద్, గాలి కొట్టి, చైనుకి నూనె వేసి, సీటు ఎత్తు సరిచేసి, తెలిసినవాళ్ళకేగా, అయినా మీరే తొక్కి చూడండి అంటున్నాడు, అతని మీసాల కింద చిన్న నవ్వు ఉంది, సంచీ హేండిల్‌కి తగిలించుకుని ఎక్కాను.

మొదటి మలుపు దాటేదాకా అంతా సిగ్గే, ఎవరైనా చూస్తారేమోనని, తరవాత గేరు ఎలా మార్చాలో తెలిసింది, చైను ఒక పంటి మీంచి ఇంకో పంటి మీదికి టక్కున దూకింది, కాళ్ళకింద బరువు తేలికైపోయింది, గోదారి గట్టు ఎక్కే ఎత్తు దగ్గర నేను ఎప్పుడూ దిగి తోసుకుంటూ ఎక్కేవాణ్ణి, బావ పైనుంచి చూసి నవ్వేవాడు, లెక్కల మాస్టారికి ఎక్కాలు వచ్చుగాని ఎక్కడం రాదు అనేవాడు, ఇవాళ దిగలేదు, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎక్కేశాను, పైకి రాగానే గోదారి, శీతాకాలం నీళ్ళు, సన్నటి ఎండ, వంతెన మీద రైలు వెళుతోంది, తారు వదిలి పక్కన మట్టిబాట మీదికి దింపాను, చిన్న చిన్న గులకలు టైరు కింద చిటపటలాడాయి, చట్రం వాటిని మింగేసింది, నా చేతులదాకా రానివ్వలేదు, ముందు ఎవరూ లేరు, అదే నాకు ముందు అర్థం కాలేదు, ఏదో కొత్తగా ఉంది, దారి ఇంత వెడల్పు ఎప్పుడైందీ అనుకున్నాను, ఇన్నేళ్ళూ నాకు దారంటే ఆయన వీపు, చెమటకి అంటుకున్న తెల్లచొక్కా, ఆ చొక్కా అవతల దారుంటుందని వినడమే, ఇప్పుడు చొక్కా లేదు, దారంతా నాదే, ఆగమనేవాళ్ళు లేరు, త్వరగా రమ్మనేవాళ్ళు లేరు, నవ్వు వచ్చింది నాకు, పైకే నవ్వాను, ఒక్కణ్ణే, గొర్రెల్ని తోలుకుపోతున్న ముసలాయన తిరిగి చూశాడు, అప్పుడు ఆ నవ్వు ఎందుకు వచ్చిందో తెలిసి నా కాళ్ళు ఆగిపోయాయి.

పాపిష్టివాణ్ణి, అది సైకిలు బాగుందని వచ్చిన నవ్వు కాదు, ఆయన లేనందుకు వచ్చింది, అందులో కొంచెమైనా ఆయన లేనందుకు వచ్చింది, గట్టు పక్కన రాయి మీద కూర్చున్నాను, సైకిలు రాయికి ఆనించాను, గోదారి వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు, నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నాను, ఆయన బాధపడతాడని చెప్పడం లేదనుకున్నాను, మంచివాణ్ణనుకున్నాను, శ్యామలాంబ అక్కయ్య కూడా అదే అంది, బావ భార్య, నాకు అక్కయ్య వరస, ఆసుపత్రి వరండాలో కళ్ళు తుడుచుకుంటూ, ఆయన మనసు కష్టపెట్టకుండా మంచిమాట చెప్పావయ్యా అంది, ఏం మాట, ఆ మాట, ఆపరేషనయ్యాక మత్తు దిగుతుంటే పక్కన నేనున్నాను, బావ కళ్ళు తెరిచి మంచినీళ్ళడగలేదు, నొప్పి అనలేదు, పెదాలు తడుపుకుని, ఎందాకా బావా అన్నాడు, నాకు మొదట అర్థం కాలేదు, నేను బయటికి వెళుతున్నాననుకున్నాడేమో అనుకున్నాను, ఎందాకా తీశారు అన్నాడు మళ్ళీ, నేను వంగి, నా చీలమండ మీద చెయ్యి పెట్టి చూపించి, ఇక్కడిదాకే బావా, కొంచెమే అన్నాను, ఆయన దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తనే తడుముకుంటూ వెళ్ళాడు, మోకాలు దాటాక చెయ్యి ఉత్త పరుపు మీద పడింది, అక్కడే కాసేపు ఉంచాడు, తరవాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు, కాలు పోయినందుకు తిప్పుకున్నాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇక్కడిదాకే, ఆసుపత్రిలో అన్నదీ అదే, ఇవాళ పొద్దున్న అన్నదీ అదే, ఒక్క అక్షరం మారలేదు, ఇది నాకు ఇప్పుడా తట్టడం, ఎవరికి చెప్పాను ఆ మాట, ఎనభయ్యారు వరదల్లో గట్టు మీద కాపలా ఉన్న మనిషికి, గట్టు కింద ఊళ్ళ జనం వచ్చి ఎందాకా వచ్చిందండీ నీరు అని అడుగుతుంటే ఉన్నదున్నట్టు చెప్పిన మనిషికి, ఆ కథ ప్రతి ఆదివారం చెప్పేవాడు, అవతలి గట్టు మీద మనిషి మెత్తనివాడట, ఆడవాళ్ళ మొహాలు చూసి జాలిపడి, కొంచెమే పెరిగిందండి, ఫరవాలేదు అన్నాడట, ఆ మాట నమ్మి వాళ్ళు అన్నాలు వండుకుంటూ కూర్చున్నారట, గొడ్లకి పలుపులు కూడా విప్పలేదట, తెల్లారేసరికి నీళ్ళు ఇళ్ళని ముంచేశాయి, మనుషులు చూరు పట్టుకుని బతికారు గాని కట్టేసిన గొడ్లు కట్టేసినట్టే పోయాయి, నీటిమట్టం చెప్పేటప్పుడు జాలి పనికిరాదు బావా, ఎందాకా వచ్చిందో సరిగ్గా చెప్తే వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు, తక్కువ చేసి చెప్తే వాళ్ళని చేతులు కట్టేసి కూర్చోబెట్టినట్టే అనేవాడు, నేను ఊఁ కొట్టేవాణ్ణి, వెనక తొక్కుతూ, గాలికి సగం వినబడక ఊఁ కొట్టేవాణ్ణి.

సైకిలు షాపు వైపు తిప్పాలి, సత్యప్రసాద్ చూస్తుంటాడు, మార్కెట్‌కి వెళ్ళాలి, ఆనపకాయ కొనాలి, సైకిలు షాపులోనే దాచి మాఘమాసందాకా అక్కడే ఉంచమనాలి, ఇదంతా ఇంటిదగ్గరే వేసుకొచ్చిన పథకం, ఎంత బాగా వేశానో, పిల్లలు పరీక్షలో చీటీలు దాచినంత శ్రద్ధగా, గట్టు దిగాక కోటగుమ్మం దగ్గర హేండిల్ కుడికి తిప్పాలి, తిప్పలేదు, తిప్పకూడదని అనుకోనూ లేదు, అలా ఎడమకే పోనిచ్చాను, మా వీధి మొదట్లో కొళాయి, చుట్టూ ఆడవాళ్ళు, మాస్టారు సైకిలెక్కారేంటీ అని ఎవరో అన్నారు, బావ ఇల్లు కనబడింది, ఆ అరుగు, ఆ కుర్చీ, పక్కన గోడకి పాత చీర కప్పిన నల్ల సైకిలు, ఇంకా వెనక్కి తిరగొచ్చు, ఆయన చూడలేదు, పేపరు చదువుతున్నాడు, చూశాడు.

ఆయన ముందు సంచీ చూశాడు, ఖాళీగా హేండిల్‌కి వేలాడుతోంది, తరవాత సైకిలు చూశాడు, ముందు చక్రంనుంచి వెనక చక్రందాకా ఒక్కసారి మెల్లగా చూశాడు, మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు, ఆయన లుంగీ అంచు కింద ఒక్కటే పాదం, దాన్నే చూస్తూ నిలబడ్డాను, బ్రేకు గట్టిగా పట్టుకుని, దిగిన మనిషి బ్రేకు పట్టుకోవడమెందుకో, ఎందాకా బావా అన్నాడు ఆయన, ఎప్పటిలాగే, మెత్తగా, ఇక్కడిదాకే అనే మాట నాలిక చివరికి దానంతటదే వచ్చేసింది, పళ్ళతో ఆపాను, భద్రాచలందాకా బావా అన్నాను, గుమ్మంలోకి వచ్చిన శ్యామలాంబ అక్కయ్య చేతిలో మజ్జిగ గ్లాసుతో అక్కడే ఆగిపోయింది, ఎప్పుడు అన్నాడు బావ, మాఘమాసంలో అన్నాను, అంతర్వేది నుంచేనా అన్నాడు, అక్కణ్ణించే అన్నాను, ఒక్కడివేనా అన్నాడు, ఇది అడక్కుండా ఉంటే బావుండునని ఎంత కోరుకున్నానో, ఒక్కణ్ణే బావా అన్నాను, అప్పుడు తలెత్తి చూశాను, నేను ఇన్ని రోజులూ పోస్టాఫీసులూ చాకలివాళ్ళూ చెప్పి చూడకుండా తప్పించుకున్న మొహం అదే, ఎంత భయపడ్డానో అంతా ఉంది అందులో, కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి ఆయనకి, తుడుచుకోలేదు, మొహం గోడవైపు తిప్పుకోనూ లేదు, నన్నే చూస్తూ అలాగే కూర్చున్నాడు, నేనూ చూపు తప్పించలేదు, నాకూ వచ్చాయి.

ఇటు తీసుకురా అన్నాడు చివరికి, అరుగు దగ్గరికి తోశాను, వంగి గోటితో గొట్టం మీద కొట్టి విన్నాడు, చక్రం తిప్పి బొటనవేలు పెట్టాడు, మడ్‌గార్డు కింద రెండు వేళ్ళు దూర్చాడు, దూరీ దూరనట్టున్నాయి, ఇది చాలదు, రాజోలు దాటకుండానే రేగడి పట్టేస్తుంది, పైకెత్తి బిగించమను, ఉక్కేనా, ఉక్కే బావా, పోలవరం దాటాక టైర్లలో గాలి కొంచెం తగ్గించుకో, ఎర్రమట్టి జారుతుంది, నల్ల సైకిలుకున్న వెనక కేరియర్ విప్పించి దీనికి వేయించుకో, అది నా బరువుకే వంగలేదు అన్నాడు, అక్కయ్య ఏదో అనబోయింది, చెయ్యెత్తి ఆపాడు, ఫోను లేని ఊళ్ళో ఆగకు, రోజూ సాయంత్రం చెయ్యి, నేను మేపు పెట్టుకుని కూర్చుంటాను అన్నాడు, చేస్తాను బావా అన్నాను, ఎందాకా వెళ్ళావో సరిగ్గా చెప్పు అన్నాడు, చెప్తాను అన్నాను, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, తక్కువ చేసి చెప్పకు బావా అన్నాడు.

ఆయన అన్నది మాఘమాసం గురించే, ఆసుపత్రి మాట ఎత్తలేదు, ఇకముందు ఎత్తడు కూడా, అది నాకు తెలుసు, కానీ ఆ పట్టులో నా చెయ్యి ఉండగానే అంతా సర్దుకుని ఒక్కచోట నిలబడింది నా మనసులో, చీలమండ మీద పెట్టిన నా చెయ్యి, పరుపు మీద పడిన ఆయన చెయ్యి, పొద్దున్న ఎత్తి చూపించిన ఖాళీ సంచీ, ఆయన ఎందాకా అని అడిగింది శకునం కోసం కాదు, ఎంత దూరమో తెలుసుకోవాలని, ఎంత పోయిందో ఎంత మిగిలిందో ఎవరైనా సరిగ్గా చెప్పాలని, చెప్తే తన తంటాలేవో తను పడాలని, డాక్టర్లు మోకాలి కిందిదాకా తీసి అక్కడితో ఆపేశారు, ఆ పైన గట్టు తీసేసింది నేను, గోదారి తీసేసింది నేను, పోలవరం, ఎర్రమట్టి, అడవి, రోజుకింత చొప్పున ఇక్కడిదాకే ఇక్కడిదాకే అంటూ అన్నీ తీసేసి, ఆయన్ని ఈ అరుగుదాకా తగ్గించి కూర్చోబెట్టింది నేనే.